మొదటి రోజా నాటి తలనొప్పి

  

 

ఇది షాబాన్ మాసపు మొదటి జుమా. రమజాన్ చంద్రుడు కనిపించడానికి ఇంకా నాలుగు వారాల వ్యవధి కూడా లేదు. ఈ రోజుల్లో మన ఇళ్లకు సున్నాలు వేయించుకుంటాము. సేమియాలు, ఖర్జూరాలు ముందుగానే తెచ్చి పెట్టుకుంటాము. జకాత్ లెక్కలు చూసుకుంటాము. ఇవన్నీ మంచి సన్నాహాలే. అయితే మనలో చాలామంది మరచిపోయే మరొక సన్నాహం ఉన్నది. అది మన శరీరానికి సంబంధించినది. నేడు దానిని గురించి మాట్లాడదలచాము. విషయం వినగానే కొందరికి నవ్వు రావచ్చు. మా విషయం కాఫీ. కాఫీ అంటే టీ కూడా అనే అర్థం చేసుకోండి.

మింబర్ మీద కూర్చుని కాఫీ గురించి మాట్లాడడమేమిటని మీరనుకోవచ్చు. కొన్ని సంవత్సరాల క్రితం మేము కూడా అలాగే అనుకొని ఉండేవారము. మా ఆలోచన మారడానికి కారణమైన సంఘటనను ముందుగా మీకు విన్నవిస్తాము. అది మా తప్పుకు సంబంధించినది. దానిని దాచుకోవడం కంటే మీకు చెప్పడమే మేలని భావిస్తున్నాము.

ఒక రమజాన్‌లో మొదటి రోజా నాడు అస్ర్ నమాజ్ తరువాత మక్తబ్ పిల్లలకు ఖుర్ఆన్ పాఠం చెబుతున్నాము. మధ్యాహ్నం నుండే మా తల బరువెక్కింది. అస్ర్ వేళకు కణతలు పగిలిపోతున్నట్లుగా ఉన్నది. పదేళ్ల బాలుడొకడు ఒకే పదాన్ని మూడుసార్లు తప్పుగా చదివాడు. నాలుగవసారి చదివే అవకాశం మేము అతనికి ఇవ్వలేదు. తోటి పిల్లలందరి ముందు గట్టిగా గద్దించాము. అనకూడని మాట అన్నాము. ఆ బాలుడు ఏమీ బదులు చెప్పలేదు. పుస్తకం మూసి తలవంచుకుని కూర్చున్నాడు.

మరుసటి రోజు అతడు రాలేదు. ఆ తరువాతి రోజు కూడా రాలేదు. మూడవ రోజు అతని నానీమా మస్జిద్ వాకిలి దగ్గరకు వచ్చి సలాం చెప్పి, ఎంతో మర్యాదగా ఇలా అన్నది: "హజ్రత్, మీ మీద ఫిర్యాదు చేయడానికి రాలేదు. పిల్లవాడు భయపడి రానంటున్నాడు, కాస్త మీరే పిలవండి. ఆనాడు వాడికి జీవితంలో మొదటి రోజా. ఇఫ్తార్ వేళ ఖర్జూరం చేతిలో పట్టుకొని తినకుండా ఏడ్చాడు."

సోదరులారా, ఆ మాట విన్నప్పుడు మా కాళ్ల కింద నేల కదిలినట్లయింది. మేము రోజా ఉన్నాము, ఆ పిల్లవాడూ రోజా ఉన్నాడు. మాకు నలభై ఏళ్ల రోజాల అనుభవం ఉన్నది. అతనికి అది మొదటిది. కోపాన్ని దిగమింగుకున్నది మాత్రం అతడు, కక్కినది మేము. ఉపవాసం ఉండి కూడా అసత్యాన్ని, దుష్ప్రవర్తనను విడిచిపెట్టనివాడు కేవలం అన్నపానాలు మానుకోవడం అల్లాహ్‌కు అక్కరలేదన్న భావంలో దైవప్రవక్త (స) చేసిన హెచ్చరికను మేము ఎన్నిసార్లు ఈ మింబర్ మీద నుండి వినిపించామో మీకు తెలుసు. ఆనాడు ఆ హెచ్చరిక మాకే వర్తించింది.

ఆ సాయంత్రమే వారి ఇంటికి వెళ్లి ఆ బాలుణ్ణి క్షమాపణ కోరాము. కానీ మనస్సులో ఒక సాకు మిగిలే ఉన్నది. "రోజా వల్ల తలనొప్పి వచ్చింది, తలనొప్పి వల్ల కోపం వచ్చింది" అని మాకు మేమే చెప్పుకున్నాము. తరావీహ్ తరువాత మన జమాఅత్‌కు చెందిన ఒక డాక్టర్ సాబ్‌తో ఈ మాటే అన్నాము. ఆయన ఒకే ఒక ప్రశ్న అడిగారు: "హజ్రత్, మామూలు రోజుల్లో మీరు ఎన్ని కప్పుల కాఫీ తాగుతారు?"

లెక్కపెట్టి చూస్తే ఐదు తేలాయి. ఫజ్ర్ తరువాత ఒకటి, నాష్తాతో ఒకటి, పాఠాల మధ్య పదకొండు గంటలకు ఒకటి, అస్ర్ తరువాత ఒకటి, ఇషా తరువాత ఎవరైనా కలిస్తే మరొకటి. ఆయన చిరునవ్వుతో అన్నారు: "మీ తలనొప్పి రోజాది కాదు హజ్రత్, కాఫీది. రోజా మీద నింద వేయకండి."

ఆనాడు ఆయన వివరించిన విషయాన్ని, ఆ తరువాత మేము తెలుసుకున్నదాన్ని సులభమైన మాటల్లో మీ ముందుంచుతాము.

కాఫీలోను, టీలోను కెఫీన్ అనే పదార్థం ఉంటుంది. మనం మేల్కొని ఉన్న కొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అలసట కలిగించి, నిద్రకు పిలిచేది అదే. మెదడులో దానిని అందుకునే గ్రాహకాలు ఉన్నాయి. కెఫీన్ వెళ్లి ఆ గ్రాహకాల దగ్గర అడ్డంగా కూర్చుంటుంది. అందువల్ల అలసట ఉన్నా మనకు తెలియదు. కాఫీ మనకు కొత్త శక్తిని ఇవ్వదు, అలసట కబురును కాసేపు ఆపి ఉంచుతుంది. ప్రతిరోజూ ఇలాగే జరుగుతుంటే, మెదడు ఆ గ్రాహకాల సంఖ్యను పెంచుకొని సర్దుకుంటుంది. అప్పుడు మునుపటి కప్పు చాలదు, రెండవది కావాలి. ఇక ఒకనాడు హఠాత్తుగా కప్పు అందకపోతే, ఆగి ఉన్న కబురంతా ఒక్కసారిగా చేరుతుంది. కెఫీన్ వల్ల ఇరుకుగా ఉండిన మెదడు రక్తనాళాలు విప్పారుతాయి. తలనొప్పి మొదలవుతుంది. దానితోపాటు మగత, నీరసం, చికాకు, మనస్సు నిలవకపోవడం, కొందరికి వికారం, ఒళ్లు నొప్పులు కలుగుతాయి.

ఇది ఊహ కాదు. కెఫీన్ మానినప్పుడు కలిగే ఈ బాధను వైద్యశాస్త్రం ఒక రుగ్మతగానే గుర్తించింది. 2013లో వెలువడిన అమెరికా మనోవైద్యుల రోగనిర్ధారణ గ్రంథంలో కూడా దీనికి చోటు లభించింది. చివరి కప్పు తాగిన 12 నుండి 24 గంటల మధ్య ఈ బాధ మొదలవుతుంది. ఒకటి రెండు రోజుల్లో తీవ్రమవుతుంది. రెండు రోజులు మొదలుకొని తొమ్మిది రోజుల వరకు ఉండి, దానంతట అదే తగ్గిపోతుంది. రోజుకు ఒకటి రెండు కప్పులు తాగేవారికి కూడా ఇది రావచ్చు.

ఇప్పుడు ఈ గడియారాన్ని మన రోజా గడియారం పక్కన పెట్టి చూడండి. సహరీలో నాలుగున్నరకు కాఫీ తాగినవానికి పన్నెండు గంటలు నిండేది సాయంత్రం నాలుగున్నరకు, అంటే అస్ర్ వేళకు. సహరీలో తాగకుండా, ముందురోజు సాయంత్రమే చివరి కప్పు తాగినవానికి ఉదయమే మొదలవుతుంది. మన ఇళ్లలో రమజాన్ మొదటి రోజుల్లో గొడవలు ఏ సమయంలో జరుగుతాయో గుర్తు చేసుకోండి. ఇఫ్తార్‌కు ముందు, అస్ర్ మగ్రిబ్‌ల మధ్య. దుఆలు స్వీకరించబడే ఆ శుభ ఘడియల్లోనే మనం భార్యపైన కసురుకుంటాము, బజారులో బండివానితో తగవు పడతాము. పైగా "రోజా ఉన్నాను కదా, కోపం వస్తుంది" అని సమర్థించుకుంటాము. రోజా కోపాన్ని అణచడానికి నియమించబడిన డాలు. ఆ డాలునే నిందించడం ఎంత అన్యాయం!

అయితే ఒక అపార్థానికి చోటివ్వకూడదు. కాఫీ హరామ్ అని మేము అనడం లేదు. కాఫీ, టీ ధర్మసమ్మతమైన పానీయాలే. అల్లాహ్ హలాల్ చేసిన పరిశుద్ధ వస్తువులను మీరు హరామ్ చేసుకోవద్దని, హద్దు మీరవద్దని మాయిదా సూరా మనకు బోధిస్తున్నది. నిజానికి ఈ పానీయం ప్రపంచానికి పరిచయమైనది ముస్లింల ద్వారానే. 15వ శతాబ్దంలో యెమెన్‌లోని సూఫీలు రాత్రివేళ జిక్ర్ కోసం మేల్కొని ఉండడానికి ఖహ్వా తాగేవారు. ఖహ్వా అనే అరబీ పదం పూర్వం మద్యానికి కూడా వాడబడేది కాబట్టి, ఈ కొత్త పానీయం మీద కొందరికి అనుమానం కలిగింది. 1511లో మక్కా నగరంలో ఖైర్ బేగ్ అనే అధికారి పండితులను, వైద్యులను సమావేశపరచి కాఫీని నిషేధించాడు. కొద్దికాలానికే కైరో నుండి వచ్చిన ఆజ్ఞ ఆ నిషేధాన్ని సడలించింది. అదే శతాబ్దంలో అబ్దుల్ ఖాదిర్ అల్ జజీరీ అనే పండితుడు కాఫీ హలాల్ అని నిరూపిస్తూ ఒక గ్రంథమే రచించారు.

మన దేశానికి కాఫీ వచ్చిన కథ కూడా ఇటువంటిదే. 17వ శతాబ్దంలో బాబా బుడన్ అనే సూఫీ హజ్ నుండి తిరిగి వస్తూ యెమెన్‌లోని మోఖా రేవు నుండి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటారని పెద్దలు చెప్పుకుంటారు. ఆ కొండలకు నేటికీ ఆయన పేరే ఉన్నది. ఇప్పుడు మన అరకు కొండల్లో గిరిజన సోదరులు పండించే కాఫీకి సైతం 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఎందరో కష్టజీవుల జీవనాధారం అది. దానిని చిన్నచూపు చూడడం మా ఉద్దేశం కాదు.

మేము చెప్పదలచినది ఒక్కటే. ఆ పూర్వీకులు తహజ్జుద్‌కు లేవడానికి కాఫీని సేవకునిగా పెట్టుకున్నారు. నేడు మనలో కొందరికి అది యజమాని అయింది. కప్పు చేతికి రానిదే ఫజ్ర్ తరువాత ఒక పేజీ ఖుర్ఆన్ చదవలేము. కప్పు ఆలస్యమైతే ఇంటిల్లిపాది మన ముఖం చూసి భయపడాలి. హలాల్ వస్తువు కూడా మన పగ్గాలు చేతబట్టినప్పుడు, దాస్యం ఎవరికి చేస్తున్నామో ఒకసారి ఆలోచించుకోవాలి. విశ్వాసి మెడలో ఒకే ఒక దాస్యం ఉండాలి. అది అల్లాహ్ దాస్యం. రోజా విధించబడిన ఉద్దేశం తఖ్వా అని బఖరా సూరాలో తెలుపబడింది. హలాలైన అన్నాన్ని, నీటిని కూడా ప్రభువు ఆజ్ఞతో విడిచిపెట్టగల స్వేచ్ఛను మనకు అలవరచడమే రోజా చేసే పని.

ఇక మా కథలోని రెండవ తప్పును కూడా వినండి. ఎందుకంటే మీలో ఆవేశపరులు ఈ ప్రసంగం వినగానే ఇంటికి వెళ్లి అదే పని చేయవచ్చు.

ఆ రమజాన్ గడిచింది. షవ్వాల్ నెలలో మేము ఆవేశంతో "అల్లాహ్ సాక్షిగా ఇక కాఫీ ముట్టను" అని ప్రమాణం చేశాము. ఐదు కప్పుల నుండి ఒక్కసారిగా సున్నాకు దిగాము. మొదటి రోజు గర్వంగా గడిచింది. రెండవ రోజు తల ఎత్తలేకపోయాము. వికారంతో పడుకొని జుహర్ నమాజ్‌కు ఇమామత్ చేయడానికి మరొకరిని పంపవలసి వచ్చింది. మూడవ రోజు మధ్యాహ్నం ఎవరూ చూడకుండా వంటింట్లోకి వెళ్లి మేమే డికాషన్ పోసుకొని తాగాము. ప్రమాణం భంగమైంది. దానికి ప్రాయశ్చిత్తంగా పదిమంది పేదలకు భోజనం పెట్టవలసి వచ్చింది. ధర్మశాస్త్రం తెలిసిన వ్యక్తి చేయవలసిన పని కాదది.

కనుక సోదరులారా, ప్రమాణాలు చేయకండి. దైవప్రవక్త (స) ఒకప్పుడు తేనె తాగనని తమకు తామే నియమం పెట్టుకున్నప్పుడు, అల్లాహ్ హలాల్ చేసినదాన్ని ఎందుకు నిషేధించుకుంటున్నావని తహ్రీమ్ సూరా అవతరించింది. పొరపాటున ఎవరైనా ప్రమాణం చేసి భంగపరిస్తే, పదిమంది నిరుపేదలకు అన్నం పెట్టడం లేక వస్త్రాలివ్వడం, ఆ స్థోమత లేనివారు మూడు రోజాలు పాటించడం కఫ్ఫారా అని గుర్తుంచుకోండి. కాఫీ మానడానికి ప్రమాణం అక్కరలేదు. సంకల్పం, సహనం, ఒక పద్ధతి ఉంటే చాలు.

ఆ పద్ధతిని మనకు అల్లాహ్ గ్రంథమే నేర్పింది. మద్యం హరామ్. కాఫీ హలాల్. రెండింటికీ పోలిక లేదు. కానీ అలవాటును మాన్పించే తీరు గమనించదగినది. మద్యపానం అరబ్బుల నరనరాన జీర్ణించుకున్న అలవాటు. మొదట అందులో లాభం కంటే పాపమే అధికమని తెలుపబడింది. తరువాత మత్తులో ఉండగా నమాజ్ దరిదాపులకు రావద్దని ఆజ్ఞ వచ్చింది. రోజుకు ఐదు పూటల నమాజ్ చేసేవానికి తాగే సమయమే కుదించుకుపోయింది. చివరకు పూర్తి నిషేధం అవతరించింది. ఆ ఆజ్ఞ వినగానే మదీనా వీధుల్లో మద్యం పారబోయబడింది. మొట్టమొదటే మద్యం తాగవద్దని ఆజ్ఞ వచ్చి ఉంటే జనులు ఎన్నటికీ మానమని అని ఉండేవారని హజ్రత్ ఆయిషా (రజి) వివరించారు. మనుషులను సృష్టించినవాడే వారిని మెట్టు మెట్టుగా దింపినప్పుడు, మనం మన శరీరాన్ని మేడ మీద నుండి తోసివేయడం తగునా? అల్లాహ్‌కు అత్యంత ప్రీతికరమైన ఆచరణ కొద్దిగానైనా నిలకడగా చేసేదేనని దైవప్రవక్త (స) ఉపదేశించారు. నీ శరీరానికి కూడా నీపై హక్కున్నదని వారు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)కు గుర్తుచేశారు.

మరుసటి సంవత్సరం షాబాన్‌లో మేము ఈ మార్గాన్నే అనుసరించాము. మీకు కూడా అదే సూచిస్తున్నాము.

మొదటగా, రెండు రోజులు లెక్క రాసుకోండి. ఏ వేళకు ఏమి తాగారో కాగితం మీద పెట్టండి. టీని, ఇరానీ చాయ్‌ని, కోలా పానీయాలను కూడా లెక్కలో చేర్చండి. కాఫీ మాని టీ రెట్టింపు చేసుకుంటే ఒక వాకిలి మూసి మరొకటి తెరిచినట్లే.

రెండవది, మూడు రోజులకొక కప్పు తగ్గించండి. ఐదు తాగేవారు పన్నెండు రోజుల్లో ఒకటికి చేరుకుంటారు. నేటి నుండి మొదలుపెడితే రమజాన్‌కు ముందే పని పూర్తవుతుంది. మొదట రాత్రి కప్పును, తరువాత సాయంత్రపు కప్పును తీసివేయండి. కడుపులో చేరిన కెఫీన్‌లో సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. ఇషా తరువాత తాగినది అర్ధరాత్రి దాటినా మనలో సగం మిగిలి ఉంటుంది. నిద్ర చెడుతుంది, ఫజ్ర్ బరువవుతుంది, ఆ బరువు తీరడానికి మళ్లీ కాఫీ. ఈ చక్రాన్ని రాత్రి వైపు నుండి తెంచడమే సులభం.

మూడవది, కప్పు తగ్గించలేనివారు కాఫీ బలాన్ని తగ్గించండి. చికోరీ ఒక మొక్క వేరు, దానిలో కెఫీన్ ఉండదు. పొడి దుకాణంలో చికోరీ పాలు ఎక్కువగా కలిపిమ్మని అడగండి. డికాషన్ తగ్గించి పాలు పెంచండి. పెద్ద గ్లాసు బదులు చిన్న కప్పు వాడండి. చేయి అలవాటుగా కప్పునే కోరుతుంది. ఆ వేళకు వేడి పాలో, జీలకర్ర వేసి కాచిన నీళ్లో, అల్లం నిమ్మరసమో ఇస్తే అది కొంతవరకు తృప్తిపడుతుంది.

నాలుగవది, తలనొప్పి కొద్దిగా వస్తుంది, రానివ్వండి. నీళ్లు బాగా తాగండి, జుహర్‌కు ముందో తరువాతో కాసేపు ఖైలూలా చేయండి, వుజూ చేసి చల్లని నీటితో ముఖం తడుపుకోండి, కొంచెం నడవండి. మాత్ర వేసుకోవలసి వస్తే ఒక సంగతి గమనించండి. తలనొప్పికి అమ్మే కొన్ని మాత్రల్లో కెఫీన్ కూడా కలిసి ఉంటుంది. అది వేసుకుంటే నొప్పి పోతుంది గాని మీరు మళ్లీ మొదటికి వస్తారు. మందుల షాపులో అడిగి తీసుకోండి. తలనొప్పి పది రోజులు దాటినా, మునుపెన్నడూ లేనంత తీవ్రంగా వచ్చినా, చూపు మసకబారినా, అది కాఫీ వల్లనేనని కూర్చోక వైద్యుని వద్దకు వెళ్లండి. రక్తపోటు, గుండెజబ్బు, మైగ్రేన్ ఉన్నవారు ముందుగానే వైద్యుని సలహా తీసుకోవాలి. గర్భవతులైన మన సోదరీమణులు రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకూడదని వైద్యులు చెబుతారు. సుమారుగా రెండు చిన్న కప్పుల కాఫీకి అది సరిపోతుంది.

ఐదవది, షాబాన్‌లో నఫిల్ రోజాలు పాటించండి. రమజాన్ తరువాత దైవప్రవక్త (స) అత్యధికంగా రోజాలు పాటించిన మాసం షాబానే అని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. సోమవారం, గురువారం ఒక్కొక్క రోజా ఉంటే మీ శరీరం ఎక్కడ ఉన్నదో మీకే తెలుస్తుంది. అయితే అలవాటుగా ఉండేవారు తప్ప మిగిలినవారు రమజాన్‌కు ఒకటి రెండు రోజుల ముందు రోజా ఉండరాదు.

ఇంత చేసినా రమజాన్ మొదటి రోజుల్లో కొందరికి బాధ కలుగవచ్చు. సాధారణమైన తలనొప్పికి ఫర్జ్ రోజాను విరమించడం సరికాదు. ఓర్చుకోండి, నొప్పికి కూడా ప్రతిఫలమున్నది. విశ్వాసికి ముల్లు గుచ్చుకున్నా దాని మూలంగా పాపాలు రాలుతాయని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. నిజంగా జబ్బుపడినవారికి మాత్రం అల్లాహ్ సడలింపు ఇచ్చాడు. వారు ఆ రోజాను తరువాత పూర్తిచేసుకోవచ్చు. ఏది సాధారణమో ఏది జబ్బో తెలియనప్పుడు ఆలిమ్‌ను, వైద్యుణ్ణి ఇద్దరినీ అడగండి. ఎవరైనా తగవుకు వస్తే "నేను రోజా ఉన్నాను" అని చెప్పి తప్పుకొమ్మన్నది ప్రవక్త బోధ. ఆ మాటను ఎదుటివాని నోరు మూయించడానికి కాక, మన నోరు మనం మూసుకోవడానికి వాడుకుందాము.

ఇక్కడ పురుషులకు ప్రత్యేకంగా ఒక మాట. సహరీలో మనకంటే గంట ముందు లేచి పొయ్యి వెలిగించే ఇల్లాలికి కూడా తల ఉన్నది. ఆమె కూడా కాఫీ తాగేదే. ఆమె కూడా రోజా ఉన్నది. అస్ర్ తరువాత వంటింటి వేడిలో నిలబడి మన ఇఫ్తార్ సిద్ధం చేసేది ఆమే. మన తలనొప్పిని ఆమె మీద దించడం ఏ ధర్మం? ఇంట్లో అందరూ కలిసి తగ్గించుకోండి. "ఈ మూడు రోజులు నాకు చికాకుగా ఉంటుంది, క్షమించు" అని ముందే చెప్పుకోండి. ఈ ఒక్క మాట ఎన్నో గొడవలను ఆపుతుంది.

పొదుపు సంగతి కూడా చూడండి. హోటల్లో కప్పు 20 రూపాయలనుకున్నా, రోజుకు రెండు కప్పులు తగ్గితే నెలకు 1200 రూపాయలు మిగులుతాయి. ఒక పేద కుటుంబం ఇఫ్తార్‌కు ఖర్జూరాలు, పండ్లు కొనుక్కోవడానికి అది చిన్న మొత్తం కాదు. ఆ సొమ్మును వేరే డబ్బాలో వేయండి. మానిన కప్పు సదఖాగా మారితే దాని రుచి ఎక్కువ కాలం నిలుస్తుంది.

మేము మొదటి సంవత్సరం ఒక కప్పు వరకు తగ్గించగలిగాము. మరుసటి షాబాన్‌లో ఆ ఒక్కటీ, మొదట సగమై, తరువాత పోయింది. ఇది గొప్పగా చెప్పుకోవడం లేదు. మా ఇంటికి అతిథులు వస్తే ఇప్పటికీ మంచి కాఫీ ఇస్తాము, ఆ వాసనకు మా మనస్సు ఇప్పటికీ లాగుతుంది. అందరూ పూర్తిగా మానాలని మేము అనము. రోజుకు ఒక కప్పు తాగి, అది లేని రోజున కూడా ప్రశాంతంగా ఉండగలిగితే ఆ కప్పు మీకు అనుగ్రహమే. అల్లాహ్‌కు కృతజ్ఞత తెలిపి తాగండి. లేని రోజున ఇంట్లోవారు మిమ్మల్ని చూసి భయపడవలసి వస్తే మాత్రం, తగ్గించుకునే సమయం వచ్చిందని తెలుసుకోండి.

ఆ బాలుడు నేడు మీ మధ్యనే కూర్చుని ఉన్నాడు. పేరు చెప్పము. అతడు ఖుర్ఆన్ పూర్తిగా కంఠస్థం చేశాడు. గత రమజాన్‌లో మన మస్జిద్‌లో తరావీహ్‌కు కొన్ని రాత్రులు ముందు నిలబడినది అతడే. మేము అతని వెనుక నిలబడి విన్నాము. ఆనాడు అతడు మూడుసార్లు తప్పు చదివిన పదం వచ్చినప్పుడు ఎంత స్పష్టంగా పలికాడో విని మాకు కన్నీరు ఆగలేదు. నాలుగవసారి చదివే అవకాశమే ఆనాడు మేము ఇచ్చి ఉండవలసినది. అతని నానీమా మా వద్దకు రాకపోయి ఉంటే, ఒక కప్పు కాఫీ కారణంగా ఒక బాలుడు అల్లాహ్ గ్రంథానికి దూరమై ఉండేవాడు. ఆ భారాన్ని ప్రళయదినాన మేము ఎలా మోసేవారమో తలచుకుంటేనే భయం కలుగుతుంది.

సోదరులారా, మీ ఇంట్లో కూడా ఈ రమజాన్‌లో ఎవరో ఒక పిల్లవాడు మొదటి రోజా ఉంటాడు. అతడు ఖర్జూరం చేతబట్టుకొని మగ్రిబ్ అజాన్ కోసం ఎదురుచూసే ఆ సాయంత్రం, మన తలనొప్పి అతని సంతోషానికి అడ్డు రాకుండా చూసుకుందాము. అందుకు నేడే, ఈ సాయంత్రపు కప్పుతోనే సన్నాహం మొదలుపెడదాము.

ఓ అల్లాహ్! మమ్మల్ని ఆరోగ్యంతో, విశ్వాసంతో రమజాన్‌కు చేర్చు. మా అలవాట్ల దాస్యం నుండి మమ్మల్ని విడిపించి, కేవలం నీకే దాసులుగా ఉండే భాగ్యం ప్రసాదించు. మా కోపం వల్ల నొచ్చుకున్నవారి హృదయాలను నీవే స్వస్థపరచు, వారిని క్షమాపణ కోరే ధైర్యాన్ని మాకు ఇవ్వు. మా రోజాలను, నమాజ్‌లను, కొద్దిపాటి ఈ ప్రయత్నాలను స్వీకరించు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.